పిట్టల పేర్లు రాసుకున్న ఫారెస్టు ఆఫీసరు: మారుతి చితంపల్లిని ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రతి నవంబరులో తెలంగాణ అంచున, మహారాష్ట్రలో ఉన్న మా రాజురా, బల్లార్‌పూర్ వైపు బడుల్లో ఒక వారం పిట్టల గోల ఉంటుంది. 5వ తేదీ నుంచి 12 దాకా ‘పక్షీ సప్తాహ్’, అంటే పక్షుల వారం. పిల్లలకు ‘ప్రకల్ప్’ ఇస్తారు, మన ప్రాజెక్టే. పోయినేడు మా అన్న కూతురు నోట్‌బుక్కులో ఒక బొమ్మ అంటించింది. ఒళ్లంతా నలుపు, రెక్కలు ఇటుక రంగు, కళ్లు ఎర్రగా. కింద మరాఠీలో ‘భారద్వాజ్’ అని రాసుకుంది. మా అవ్వ ఆ నోట్‌బుక్కును చేయి చాపినంత దూరం పట్టుకుని చూసి, “ఇది జెముడుకాకి గదా బిడ్డా, రుషి పేరు పెట్టిండ్రేంది దీనికి” అన్నది. పిల్ల ఒప్పుకోదు. టీచర్ చెప్పింది భారద్వాజ్ అనే, పుస్తకంలో కూడా అదే ఉంది. ఈ లోపు చక్కెర కోసం వచ్చిన పక్కింటి మరాఠీ ఆజీ (వాళ్ల భాషలో అవ్వ), మా ఊళ్లో దాన్ని ‘కుంభార్ కావ్ళా’ అంటామమ్మా, కుమ్మరి కాకి, అని ఇంకో పేరు పడేసి పోయింది.

ముగ్గురు చెప్పిందీ కరెక్టే. మార్కులు మాత్రం భారద్వాజ్‌కే పడతాయి.

ఆ వారం సరిగ్గా 5వ తేదీనే ఎందుకు మొదలవుతుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. 12వ తేదీ పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ పుట్టినరోజు, ఆయన సంగతి కొంచెం చదువుకున్నవాళ్లకు తెలుసు. 5వ తేదీ మారుతి చితంపల్లి పుట్టినరోజు, ఫారెస్టు ఆఫీసరుగా చేసి అడవి గురించీ పిట్టల గురించీ మరాఠీలో పుస్తకాలు రాసినాయన. ఈ రెండు తేదీల మధ్య రోజులను పక్షుల వారంగా జరపాలని మహారాష్ట్ర ప్రభుత్వం 2020లో నిర్ణయించింది. 2025 జనవరిలో చితంపల్లికి పద్మశ్రీ ప్రకటించారు, అదే ఏడాది జూన్ 18న సోలాపూర్‌లో 92 ఏళ్ల వయసులో ఆయన పోయారు. అప్పుడు మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే వాదన. మనవాడే అని కొందరు, కాదు ఆయన మరాఠీ రచయిత అని కొందరు. మధ్యలో ఒకరు ఆయన్ని పర్యావరణ ఉద్యమకారుడని రాస్తే ఇంకెవరో, “ఫారెస్టు ఆఫీసరుగా జీతం తీసుకున్నాయన ఉద్యమకారుడెట్లయితడు?” అని అడిగారు. ఆ మూడో ప్రశ్న నాకు నచ్చింది. మిగతా రెండూ దాన్ని పట్టుకుని లాగితే వాటంతట అవే విడిపోతాయనిపించింది.

ఇంట్లో తెలుగు, పుస్తకంలో మరాఠీ

చితంపల్లి 1932 నవంబరు 5న సోలాపూర్‌లో పుట్టారు. ‘పల్లి’తో ముగిసే ఇంటిపేరు చూస్తేనే మూలాలు ఎటు ఉన్నాయో తెలుస్తుంది. ఇంటి భాష తెలుగు. సోలాపూర్ సంగతి తెలియనివాళ్లకు ఒక మాట: తెలంగాణ నుంచి తరాల కిందట మగ్గాలు పట్టుకుని వలస పోయిన నేతవాళ్లు అక్కడ వేలల్లో ఉన్నారు. సోలాపూర్ దుప్పటి అని మనం కప్పుకునే దాని వెనక తెలుగు చేతులు చాలా ఉన్నాయి. అక్కడ వీధిలో తెలుగు వినపడుతుంది, బడి మరాఠీ, సినిమా హిందీ. సరిహద్దులో పుట్టి పెరిగిన ఎవరికైనా ఇది కొత్త సంగతేం కాదు. మా రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది, రాష్ట్రాల గీత గీసిన మర్నాటి నుంచి మేం బొంబాయి రాష్ట్రం, 1960 నుంచి మహారాష్ట్ర. అవ్వ మాత్రం మారలేదు, నిద్రలో కలవరింతలు కూడా తెలుగులోనే.

కాబట్టి ‘తెలుగువాడా, మరాఠీవాడా’ అన్న ప్రశ్నకు రెండూ నిజమే. ఆయన తెలుగు ఇంట పుట్టిన మరాఠీ రచయిత. సరిహద్దు జిల్లాల్లో ఇలాంటివాళ్లు వీధికి పదిమంది ఉంటారు, పుస్తకాలు రాయరు అంతే. 2006లో సోలాపూర్‌లోనే జరిగిన 79వ అఖిల భారత మరాఠీ సాహిత్య సమ్మేళనానికి ఆయన అధ్యక్షులు. మరాఠీవాళ్లకు ఆ పదవి ఎంత పెద్దదో చెప్పలేను, ఏటా దాని కోసం జరిగే చర్చలే ఒక పండగ. ఇంట్లో ఇంకో భాష మాట్లాడే మనిషిని, అదీ ఎక్కువగా పిట్టల గురించీ చెట్ల గురించీ రాసిన మనిషిని అక్కడ కూర్చోబెట్టారంటే చిన్న సంగతి కాదు.

చదువు సోలాపూర్‌లో, తర్వాత కోయంబత్తూరు ఫారెస్టు కాలేజీలో శిక్షణ, ఆ పైన మహారాష్ట్ర అటవీ శాఖలో ఉద్యోగం. ముంబై పక్కనున్న కర్నాళా పక్షుల అభయారణ్యం, తూర్పున నవేగావ్, నాగ్‌జిరా, అమరావతి కొండల్లో మేళ్‌ఘాట్, ఇలా తిరిగారు. మేళ్‌ఘాట్ టైగర్ రిజర్వుకు డిప్యూటీ డైరెక్టరుగా చేశారు. మొత్తం ముప్ఫై ఆరేళ్లు అడవి ఉద్యోగం. 1990లో రిటైరయ్యారు, ఆ తర్వాత చాలా ఏళ్లు విదర్భలోనే ఉండి, చివరికి సోలాపూర్ తిరిగొచ్చారు. మరాఠీ జనం ఆయన్ని ‘అరణ్యరుషి’ అంటారు. అవ్వ చెప్పినట్టు మళ్లీ రుషే.

‘ప్రకృతి రచయిత’ అంటే అసలు ఏం పని

మనకు తెలుగులో ఈ మాట ఇంకా సరిగ్గా కుదురుకోలేదు. ప్రకృతి గురించి రాయడమంటే వెన్నెల, సెలయేరు, పచ్చదనం అని భావకవిత్వం గుర్తొస్తుంది. అది ఒక రకం. శాస్త్రవేత్త రాసే పేపరు ఇంకో రకం, అందులో లెక్కలుంటాయి, రాసిన మనిషి కనపడడు. ఈ రెండింటికీ నడుమ మూడో రకం ఉంది. ఒక చెరువు గట్టున ఏళ్ల తరబడి కూర్చుని, ఏ పిట్ట ఏ నెలలో వచ్చింది, ఏం తిన్నది, దాని గురించి పక్క ఊరి బోయవాడు ఏమన్నాడు, అని రోజూ నోట్సు రాసుకుని, దాన్నే చదివించేలా చెప్పడం. చితంపల్లిది ఈ మూడో రకం.

నవేగావ్‌నే తీసుకోండి. ఇప్పుడది గోందియా జిల్లా, అప్పట్లో భండారా. అక్కడి పెద్ద చెరువును పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో కోలూ పటేల్ కోహ్లీ అనే ఆయన కట్టించాడని చెబుతారు. కోహ్లీలంటే ఆ ప్రాంతంలో చెరువులు కట్టడంలో చేయి తిరిగిన జనం. మన కాకతీయుల చెరువులు చూసినవాళ్లకు ఆ గట్టు చూస్తే వెంటనే ఇంటి సంగతిలా అనిపిస్తుంది. చెరువు చుట్టూ అడవి, అడవి చుట్టూ వరి. చలికాలం వచ్చిందంటే దూరదేశాల బాతులు దిగుతాయి. 1975లో అక్కడ సుమారు 134 చదరపు కిలోమీటర్ల అడవిని జాతీయ పార్కుగా ప్రకటించారు. చితంపల్లి అక్కడ పనిచేసిన రోజుల మీద ఒక పుస్తకమే రాశారు. ఆఫీసరుగా వెళ్లి, ఊరివాళ్ల దగ్గర విద్యార్థిగా కూర్చున్నారన్నది ఆయన్ని చదివినవాళ్లందరూ ముందు చెప్పే సంగతి. గోండులు, చేపలు పట్టేవాళ్లు, పాత వేటగాళ్లు, వీళ్లందరి మాటా ఆయన పుస్తకాల్లోకి వచ్చి కూర్చుంది.

ఆ ప్రాంతం వరి మళ్లల్లో ఇప్పటికీ సారస్ కొంగలు గూళ్లు పెడతాయి. మనిషెత్తు పిట్ట, మెడా తలా ఎరుపు, ఎప్పుడూ జంటగానే. మహారాష్ట్రలో సారస్‌లు మిగిలింది ప్రధానంగా ఆ చుట్టుపక్కలే.

పేరు పెట్టడం ఎందుకంత పని

మరాఠీ పత్రికలు ఆయన గురించి రాసినప్పుడల్లా భాషకు లక్ష పదాలు ఇచ్చారని రాస్తాయి. ఆ అంకెను పక్కన పెట్టి ఒకటి రెండు పదాలు చేతిలోకి తీసుకుని చూస్తే పని ఏమిటో బాగా అర్థమవుతుంది.

కాకులు గుంపుగా ఒకే చోట గూళ్లు పెట్టుకున్నాయనుకోండి. ఆ చోటును ఇంగ్లిషులో ‘రూకరీ’ అంటారు. దానికి చితంపల్లి వాడిన మాట ‘కాకాగార్’. కాక, ఆగారం, అంటే కాకుల ఇల్లు. కొంగలు గుంపుగా పిల్లలు చేసే చోటుకు ‘సారంగాగార్’. వినగానే మనకు కూడా అర్థమయ్యే మాటలు. ఇప్పుడు తెలుగులో చూడండి. ఒడిశా సరిహద్దుకు దగ్గరగా శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఏటా వచ్చి చింతచెట్ల మీద పిల్లల్ని చేసుకుంటాయి. దాన్ని ఏమనాలి? ‘విదేశీ పక్షుల విడిది కేంద్రం’ అని బోర్డు భాషలో రాస్తాం. విడిది అంటే ఆగి పోయే చోటు, పెళ్లివారి విడిది లాగ. అవి అక్కడ ఆగడానికి రాలేదు, పిల్లల్ని కనడానికి వచ్చాయి. పేరులో ఈ తేడా లేకపోతే, గూళ్లున్న చింతచెట్టు కొట్టేస్తే ఏం పోయిందో చెప్పడానికి కూడా మాట దొరకదు, ‘పిట్టలు వేరే చోట వాలతాయిలే’ అనేస్తాం.

పేర్లలో ఇంకో ముచ్చట ఉంది, అది ఎవరు దేన్ని చూశారన్నది. వడ్రంగిపిట్టను మరాఠీవాళ్లు ‘సుతార్’ అంటారు, సుతార్ అంటే వడ్రంగే. రెండు భాషలవాళ్లూ ఒకే దృశ్యం చూశారన్నమాట. గిజిగాడి దగ్గరికి వచ్చేసరికి దారులు చీలిపోయాయి. మరాఠీలో దాని పేరు ‘సుగరణ్’, ఇల్లు చక్కగా దిద్దుకునే ఇల్లాలు అని అర్థం. మనం గిజి‘గాడు’ అన్నాం, మగవాణ్ణి చేశాం. మా పొలం దగ్గరి బావి మీదికి వంగిన తుమ్మచెట్టుకు ఏటా ఇరవై దాకా గూళ్లు వేలాడతాయి, వానాకాలంలో ఒక పూట కూర్చుంటే ఎవరు రైటో తెలుస్తుంది. నెత్తిన పసుపు రంగు ఉన్నది మగపిట్ట. గడ్డి చీల్చి తెచ్చి, ముడేసి, సగం గూడు అల్లేది అదే. బోర్లించిన టోపీలా సగం అయ్యాక ఆగి, రెక్కలు కొట్టుకుంటూ అరుస్తుంది. ఆడపిట్ట వచ్చి లోపల ముక్కుతో పొడిచి చూస్తుంది. నచ్చితే ఉంటుంది, అప్పుడు మగది కింది గొట్టం పూర్తి చేస్తుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే ఎండి ఊగుతుంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఎవరో పాడు చేశారనుకున్నాను, అవి పెళ్లిచూపులు తప్పిన ఇళ్లు. ఈ ఒక్క విషయంలో మన భాష గెలిచిందని పక్కింటి ఆజీతో అన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

ఆయన ఆత్మకథ పేరు ‘చకవా చాందణ్’. చకవా అంటే చక్రవాకం, మన పాత పద్యాల్లోని జక్కవ. తెలుగులో చదువుకున్న ప్రతివాడికీ జక్కవల జంట తెలుసు, నది దగ్గర నిలబెట్టి చూపించమంటే చూపించలేం. రాత్రి అయితే జంట విడిపోయి, నదికి అటొకటి ఇటొకటి ఉండి పిలుచుకుంటాయని కవిసమయం. నిజంగా ఆ పిట్ట నారింజ రంగు బాతు, లడఖ్, టిబెట్, మధ్య ఆసియా వైపు పిల్లలు చేసుకుని చలికాలానికి మన నదుల ఇసుక మీదికి వస్తుంది. చాలావరకు రాత్రి పూటే మేస్తుంది, మేసేటప్పుడు చీకట్లో ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. పాతకాలం వాళ్లు గట్టున కూర్చుని విన్న అరుపు నిజం. దానికి విరహం అని కారణం కలిపింది కవి.

ఒక గేదెతో అడవి చట్టాలు

‘ఉద్యమం’ దగ్గరికి రావాలంటే మధ్యలో ఒక చిక్కుముడి ఉంది. అడవి, రిజర్వు, అభయారణ్యం, పార్కు అని పేపర్లలో కలిపి రాసేస్తారు, చట్టంలో అవి వేర్వేరు. ఒక గేదెను తోలుకుని వెళ్దాం, సులభంగా తెలుస్తుంది.

గేదె మొదట రిజర్వు ఫారెస్టులోకి పోయింది. ఇది 1927 నాటి అటవీ చట్టం కింద వచ్చేది. అడవి ప్రభుత్వానిది, అనుమతి ఉంటే మేపుకోవచ్చు, లేకపోతే జరిమానా. తర్వాత అభయారణ్యంలోకి పోయింది. ఇది 1972 వన్యప్రాణి చట్టం. ఇక్కడ జంతువులకు మొదటి పీట, అయినా కొన్ని పాత హక్కులను అధికారులు కొనసాగనివ్వొచ్చు, మేపును నియంత్రిస్తారు. ఇంకొంచెం ముందుకు పోతే జాతీయ పార్కు. అదే చట్టం, కానీ ఇక్కడ పశువులను మేపడానికి అసలు వీల్లేదు, ప్రైవేటు హక్కులు ఉండకూడదు. టైగర్ రిజర్వు అంటే వీటి మీద పరిచిన ఇంకో దుప్పటి. 1973లో ప్రాజెక్టు టైగర్‌తో మొదలైంది, మొదటి తొమ్మిదింటిలో మేళ్‌ఘాట్ ఒకటి, 2006 సవరణతో దానికి చట్టంలోనే చోటు దొరికింది. పులికి నిశ్శబ్దంగా వదిలేయాల్సిన లోపలి భాగం ‘కోర్’, మనుషులూ ఉండే బయటి భాగం ‘బఫర్’. మన గేదె బఫర్‌లో ఉండొచ్చు.

చివరిది 2006 అటవీ హక్కుల చట్టం. ఇది ప్రశ్ననే తిరగేసింది. తరాలుగా అడవిని వాడుకుంటున్న ఊరికి ఆ అడవి మీద సామూహిక హక్కు ఉందని, దాన్ని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉందని చెప్పింది. గేదె నడిచింది ఒక్క అడవిలోనే కావచ్చు, అడుగు అడుగుకూ చట్టం మారింది. ఈ గందరగోళంలోనే ఆఫీసరుకు, ఊరివాడికి తగాదాలు పుడతాయి.

చితంపల్లి ఉద్యోగంలో ఉండగా చూసినవి మొదటి నాలుగే. ఐదోది వచ్చేసరికి ఆయన రిటైరై పదహారేళ్లు.

జెండా పట్టని ఉద్యమకారుడు

మా ప్రాంతంలో ఉద్యమం అంటే కళ్ల ముందు వేరే బొమ్మలున్నాయి. 1980ల మొదట్లో గోదావరి మీద ఇచ్చంపల్లి, ఇంద్రావతి మీద భోపాలపట్నం డ్యాములు కడతామన్నప్పుడు సంఘసేవకుడు బాబా ఆమ్టే అడవి జనాన్ని కూడగట్టి వద్దన్నారు. సిరొంచ, భామ్రాగఢ్ వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ రోజులు చెబుతారు. ఆ డ్యాములు ఇప్పటికీ కట్టలేదు. గడ్చిరోలి జిల్లాలోనే మేంఢా-లేఖా అనే గోండు ఊరు ‘ఢిల్లీ, ముంబైలో మా సర్కారు, మా ఊళ్లో మేమే సర్కారు’ అని నినాదం పెట్టుకుని, 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు తెచ్చుకుంది. వెదురు నరికి అమ్ముకునే రవాణా పాసులు ఇచ్చే అధికారం 2011లో గ్రామసభ చేతికి వచ్చింది.

వీటి పక్కన పెడితే చితంపల్లి పని ఉద్యమంలా కనపడదు. ధర్నా లేదు, కోర్టు కేసు లేదు. ‘ఇదేం ఉద్యమం, ఇది సాహిత్యం’ అనేవాళ్లు మరాఠీలోనూ ఉన్నారు, ఆ మాటలో పస ఉంది. గనికి అనుమతి ఇచ్చే ఫైలు దగ్గర పిట్టల పుస్తకం ఎవరి చేయీ పట్టుకోదు.

ఇంకో వైపు నుంచి చూస్తే ఒక చిన్న సాంకేతిక సంగతి ఉంది. ప్రభుత్వ ఉద్యోగికి ప్రవర్తనా నియమాలు ఉంటాయి, ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించకూడదు. అవే నియమాలు సాధారణంగా సాహిత్య, కళా, శాస్త్ర రచనలకు దారి వదులుతాయి. ఉద్యోగంలో ఉన్నవాడికి తెరిచి ఉన్న తలుపు అదొక్కటే. ఆయన లెక్కేసుకుని ఆ తలుపులోంచి వెళ్లారని నేను అనను, ఇష్టం కొద్దీ వెళ్లి ఉంటారు. ఫలితం మాత్రం కనపడుతుంది. ఆయన పుస్తకాలు చదివి బైనాక్యులర్ మెడలో వేసుకున్న మరాఠీ తరం ఒకటి తయారైంది, టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, చిన్న ఊళ్ల పక్షిమిత్రులు. చెరువు పూడ్చేస్తున్నారంటే ముందు ఫోన్లు చేసేది వాళ్లే. ఉద్యోగం అయ్యాక ఆయన రాష్ట్ర వన్యప్రాణి సలహా మండలిలో కూడా ఉన్నారు. అప్పుడు చేసింది నేరుగా ప్రభుత్వానికి చెప్పే పని.

నాకైతే రెండు వైపులా సగం సగం నిజం కనపడుతుంది. మేంఢా-లేఖా లేకపోతే హక్కు లేదు. హక్కు వచ్చాక ఆ అడవిలో ఏముందో రాసిపెట్టుకోవడానికి మళ్లీ పేర్లే కావాలి.

తీతువు అరిస్తే, కాకి గూడు కడితే

అన్నిటికన్నా ఎక్కువ వాదన నడిచేది ఇక్కడ. ఊరివాళ్ల మాటను పుస్తకంలో రాస్తే, అది జ్ఞానమా, మూఢనమ్మకమా?

తేలికైన ఉదాహరణ తీతువు. మరాఠీలో ‘టిటవీ’, రెండు పేర్లూ దాని అరుపులోంచి పుట్టినవే. రాత్రి తీతువు అరిస్తే ఎవరో పోతారని మా అవ్వ నమ్మకం, అరుపు వినపడగానే ‘థూ థూ’ అంటుంది. ఈ పిట్ట చెట్టెక్కదు. బీడు నేలలో చిన్న గుంట చేసి, గులకరాళ్ల మధ్య గులకరాళ్ల లాంటి నాలుగు గుడ్లు పెడుతుంది. కుక్క వచ్చినా, నక్క వచ్చినా, చెంబు పట్టుకుని మనిషి వచ్చినా నెత్తి మీద తిరుగుతూ అరుస్తుంది. అంటే చీకట్లో తీతువు అరిచిందంటే అక్కడ ఏదో నడుస్తోంది. కరెంటు లేని కాలంలో అది దొంగో, పులో కూడా కావచ్చు, భయపడటంలో తప్పులేదు. ఊరి మాటలో గమనింపు సరైనది, దానికి అంటగట్టిన అర్థం వేరు. ఈ రెండింటినీ విడదీస్తే తీతువుకూ మంచిదే, అవ్వకూ మంచిదే.

కష్టమైన ఉదాహరణ కాకి గూడు. వానలు పడే ముందు మరాఠీ పత్రికల్లో చితంపల్లి పేరు మీద ఒక మాట మళ్లీ మళ్లీ వస్తుంటుంది. మే నెలలో కాకి మామిడి, కానుగ లాంటి చెట్ల మీద గూడు కడితే వానలు బాగా పడతాయి, తుమ్మ లాంటి ముళ్లచెట్ల మీద కడితే తక్కువ పడతాయి అని. రైతులు దీన్ని నిజంగానే చూస్తారు. వాతావరణ శాఖ ఏప్రిల్‌లో ఒకసారి, మే చివర మరోసారి వానల అంచనా ఇస్తుంది, అది దేశం మొత్తానికి, పెద్ద పెద్ద ప్రాంతాలకు. మా పదెకరాలకు ఎవరూ చెప్పరు, అందుకే కాకి వైపు చూస్తారు.

శాస్త్రం చదివినవాళ్లు దీన్ని ఎందుకు ఒప్పుకోరో ఒక లెక్కతో చెప్పొచ్చు. ఊళ్లో ఇరవై గూళ్లు ఉన్నాయనుకుందాం. పన్నెండు మామిడి, కానుగ మీద, ఎనిమిది తుమ్మ మీద. వాన బాగా పడింది. ‘చూశారా, మామిడి మీద కట్టాయి’ అంటాం. పడకపోతే? తుమ్మ మీది ఎనిమిదీ గుర్తొస్తాయి. రెండు రకాలుగానూ కాకే గెలుస్తుంది. అసలు ఊళ్లో మామిళ్లు ఎన్ని, తుమ్మలు ఎన్ని? తుమ్మలు కొట్టేస్తే కాకికి ఇంకో దారేముంది? నిజంగా తేల్చాలంటే వాన పడకముందే గూళ్లు లెక్కపెట్టి, తేదీతో రాసి, పది పదిహేనేళ్లు, చాలా ఊళ్లలో చేయాలి. చెట్ల సంఖ్యను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

సమర్థించేవాళ్ల మాట ఇది: ఆయన వాతావరణ సూచన ఇవ్వలేదు, పెద్దల మాట పోకుండా రాసిపెట్టారు, పరీక్షించడం తర్వాతివాళ్ల పని, రాయకపోతే పరీక్షించడానికే ఏమీ ఉండదు. ఇది న్యాయమైన మాటే. చిక్కు ఎక్కడంటే, పెద్దాయన పేరు మీద అచ్చులో వచ్చిన మాటను రైతు ‘ఇది ఇంకా తేలలేదు’ అని చదవడు. అయిపోయింది, తేలింది అనుకునే విత్తనాలు కొంటాడు. పుస్తకంలో చూసిందొకటి, విన్నదొకటి అని రెండు వేరు వేరు రంగుల సిరాతో అచ్చేయగలిగితే బాగుండేదని నాకు అనిపిస్తుంది.

ఎవరి మాట, ఎవరి పుస్తకం

ఇంకొక ప్రశ్న ఈ మధ్య చదువుకున్న గోండు పిల్లలు అడుగుతున్నారు. పిట్టల సంగతులు చెప్పింది మా తాతలు, పుస్తకం మీద పేరు ఆఫీసరుది. అదే శాఖ అదే తాతను కట్టెలు తెచ్చాడని ఆపింది. అడవి పార్కు అయినప్పుడు గేదెకు చోటు పోయింది, మేళ్‌ఘాట్‌లో ఊళ్లకు ఊళ్లే కోర్ నుంచి బయటికి వచ్చాయి. అడవి జనం జ్ఞానాన్ని పుస్తకంలోకి తీసుకుని, జనాన్ని అడవి బయట పెట్టినట్టు కాలేదా?

దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. ఊళ్లను తరలించే విధానం చితంపల్లి ఒక్కడి నిర్ణయం కాదు, చట్టాల నుంచి వచ్చింది. ఖాళీ అయిన చోట్ల పచ్చిక తిరిగి లేచి, జింక పెరిగి, పులి నిలిచిందని అటవీ శాఖవాళ్లు చూపిస్తారు, కొన్ని చోట్ల అది కంటికి కనపడుతుంది కూడా. మేంఢా-లేఖా లాంటి ఊళ్లు, మేం ఉండి కూడా అడవిని కాపాడాం కదా అంటాయి, అదీ కంటికి కనపడేదే. చితంపల్లి తన పుస్తకాల్లో ఆ అడవి మనుషుల్ని మొరటువాళ్లుగా కాకుండా గురువులుగా చూపించారు, ఆ కాలపు ఆఫీసర్లలో అది అరుదు. దానితో పాత లెక్క మొత్తం చెల్లిపోతుందా అంటే, ఆ మాట అనాల్సింది నేను కాదు.

పేరుంటే చాలా అంటే, అదీ చాలదు. పాలపిట్టను చూడండి. తెలంగాణకు రాష్ట్ర పక్షి, ఒడిశాకూ అదే, మరాఠీలో నీలకంఠ్. చాలా చోట్ల జనం దసరాకు దాన్ని చూడాలనుకుంటారు. చూడాలనుకోవడం వల్లే పట్టి, పంజరంలో పెట్టి, పదో పరకో తీసుకుని ఇంటింటికీ చూపించే బేరం పుట్టింది. దాన్ని పట్టడం చట్టప్రకారం నేరం. బోలెడు ప్రేమ ఉన్న పిట్ట అది, ఆ ప్రేమే దాని రెక్కలకు జిగురైంది.

మా పిల్ల ప్రకల్ప్ చివరికి ఎలా అయిందంటే, నోట్‌బుక్కు పేజీలో మూడు గడులు గీసింది. మరాఠీ, తెలుగు, ‘ఆజీ చెప్పింది’. చివరి గడిలో ఎక్కువ పేర్లు పడ్డాయి. జెముడుకాకికి మూడు గడులూ నిండాయి. తీతువుకు నిండాయి. చలికాలం మా వర్ధా నది ఇసుక మీదికి వచ్చే నారింజ బాతు దగ్గర మరాఠీలో ‘చక్రవాక్’ అని రాసి, తెలుగు గడి ఖాళీగా వదిలేసి నా దగ్గరికి తెచ్చింది. జక్కవ అని రాయించాను. అవ్వను అడిగితే, “ఆ పిట్టనా? మేం దాన్ని ఎర్రబాతు అంటుంటిమి, జక్కవ అంటే ఏందో నాకు తెల్వదు” అన్నది. పిల్ల ఒక నిమిషం ఆలోచించి, జక్కవను కొట్టేయకుండా, పక్కన ఎర్రబాతు అని కూడా రాసుకుంది.